మనుషుల్లేని ఫోటో

"హనెసావాలో మనుషుల్లేరమ్మా," అన్నాడు భూముల అధికారి మియోషి.

"మరి నేనెవర్ని? దయ్యాన్నా?" అంది తొమె. "దయ్యాలకి కాళ్ళుండవు. నాకున్నాయి, చూడండి!"

బురద పట్టిన గడ్డిచెప్పులతో కచేరీ నేల అదిరేలా తొక్కింది. మియోషి నవ్వలేదు. బల్ల మీది ఫోటోని ఆమె ముందుకు తోశాడు.

ఆమె ఊరే. కొట్టేసిన చెట్ల మొద్దులు, గడ్డి కప్పుల ఇళ్ళు, వెనకాల నది. వీధిలో పురుగు లేదు. ఏ కప్పు మీదా పొగ లేదు. ధాన్యపు కొట్టు పక్కన మాత్రం గోరంత మనిషి ఒకడు, టోపీ ముఖం మీదికి దించుకుని నిలబడి ఉన్నాడు.

"టోక్యో పెద్దలు హొక్కైడో దాకా వచ్చి చూడరు. ఫోటోలే చూస్తారు. ఇది చూసి, సాగు వదిలి పారిపోయిన ఊరని తేల్చేశారు. పారిపోయినవాళ్ళ భూమి ఊళ్ళో నిలిచినవాడికి చెందుతుంది. మంచు పడేలోగా మీరంతా ఖాళీ చెయ్యాలి."

తొమెకి ఒళ్ళు మండిపోయింది.

"పారిపోయామా? ఆ అడవి కొట్టింది మేం. ఎలుగుబంట్లని తరిమింది మేం. మా ఆయన్ని ఆ మట్టిలోనే పెట్టాను! ఆ రోజు ఊరంతా ఇళ్ళల్లోనే ఉంది. మీ ఫోటోలాయనే దాక్కోమన్నాడు!"

"ఇవాబుచిగారా? ఆయనెందుకంటాడు?"

"కదిలిన మనిషి ఫోటోలో మరకలా పడతాడట. బొమ్మ చెడితే మాకు రోడ్డు రాదట, వంతెన రాదట. పొయ్యిలార్పేశాం. కుక్కల మూతులు కట్టేశాం. చంటిపిల్లలు ఏడవకుండా నోళ్ళు మూసి పట్టుకు కూర్చున్నాం. ఇప్పుడు తెలిసింది ఎందుకో!"

"ఆ కొట్టు పక్కనున్న మనిషి..." అంటూ మియోషి ఏదో చెప్పబోయాడు.

"వాడెవడో ఆయన జతగాడే! ఇద్దరూ కలిసి మా నోట్లో మట్టి కొట్టారు. పిలవండి ఆయన్ని!"

పిలిపించారు. ఫోటోల గాజుపలకలు కడుగుతున్న చేతులతోనే వచ్చాడు ఇవాబుచి. మందు మరకలతో వేళ్ళు నల్లగా ఉన్నాయి.

"ఏమయ్యా, సిగ్గుందా?" అని మీదికి వెళ్ళింది తొమె. "మా పిల్లలకి కొర్రగంజి పోసి, నీకు తెల్లన్నం పంపాను. ఆ అన్నం తిని ఇంత పని చేస్తావా?"

"అన్నం తిన్న మాట నిజమేనమ్మా. కొట్టు దగ్గరున్నాయన తెచ్చిచ్చాడు. ఇంకెవరూ నా కంటపడలేదు."

"దాక్కోమని నువ్వేగా చెప్పించావు!"

"నేనా?" ఇవాబుచి తెల్లబోయాడు. "మనిషి పక్కన లేకపోతే ఇల్లెంత ఎత్తో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? మనుషుల్ని పిలవమని నేనే బతిమాలాను. అందరూ ఆకలికి తాళలేక పారిపోయారు, నేనొక్కణ్ణే మిగిలానన్నాడు ఆయన. సరే, నువ్వైనా కదలకుండా నిలబడమన్నాను. రాయిలా నిలబడ్డాడు."

"ఎంత బాగా అల్లావయ్యా! నువ్వు చెప్పమన్నావని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నా తమ్ముడు. అమ్మ పోయాక నా వీపున కట్టుకుని పెంచాను వాణ్ణి. అందరూ లోపలే ఉన్నారా లేదా అని ఊరంతా చూసొచ్చింది కూడా వాడే. వాడి ఎదుట చెప్పు ఈ కట్టుకథ!"

కిటికీ తోసి వీధిలోకి కేకేసింది. "కిసాబురో! లోపలికి రా!"

ఆ పేరు వినగానే మియోషి తలెత్తాడు.

"నేనెందుకక్కా?" అంది బయటి గొంతు. "గుర్రం బెదురుతోంది. నువ్వే మాట్లాడు."

"గుర్రాన్ని గుంజకి కట్టేసి రా! ఈ మనిషి మన ఊరిని మింగేస్తుంటే నీకు గుర్రం ముఖ్యమా?"

కిసాబురో వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోతే, తొమె చెయ్యి పట్టుకుని గది మధ్యకి లాక్కొచ్చి నిలబెట్టింది.

"ఇదిగో, నా సాక్షి! ఇప్పుడనండి, మా ఊళ్ళో మనుషుల్లేరని. చెప్పరా, భయపడకు. ఊరంతా నీ నోటి మీదే ఆధారపడి ఉంది."

కిసాబురో టోపీ ముఖం మీదికి దించుకున్నాడు. ఇవాబుచి అతన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. మియోషి మాత్రం గబగబా బల్ల దాటి వచ్చి, నడుం వంచి నమస్కరించాడు.

"రండి, కిసాబురోగారూ! హనెసావా ఇప్పుడు మీదే కాబట్టి మీరే చెప్పండి, వీళ్ళని ఎప్పుడు ఖాళీ చేయించమంటారు?"