చుట్టుదారి

విల్కిన్ మోటారుసైకిలు వెనక పరుపు, పరుపు మీద రెండు కుర్చీలు, పక్కన తాడుకి వేలాడుతూ గ్యాస్ బండ. వాటికీ అతని వీపుకీ మధ్య భార్య యుదెల్కా ఇరుక్కుని కూర్చుంది. పదకొండేళ్ళ కాపురం చాలించుకుని బరహోనా ఊరవతల అద్దెగదికి పోతోంది.

"ఊళ్ళో ఇన్ని కిరాయి బళ్ళుండగా నన్నే పిలిచావేం?"

"ఇంకొకడైతే సామాను దార్లో పారబోస్తాడు. నీ కట్టు గట్టిది."

మలుపులో పరుపు ఊగి బండిని పక్కకి లాగింది. ఎదురొచ్చిన లారీ వెంట్రుకవాసిలో తప్పింది.

"నా నడుం పట్టుకో, పడతావ్!"

"పరుపు పట్టుకున్నాలే."

బండి కుదురుకున్నాక అతనే అన్నాడు. "తాగుడు మానేశా."

"ఇది ఎన్నోసారి?"

విల్కిన్ బండిని సముద్రం వైపు తిప్పాడు.

"ఇదేం దారి? ఇంత బరువేసుకుని చుట్టూ తిప్పుతావా?"

"అటు అన్నీ గుంటలే."

అటు మొన్ననే తారు పోశారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

యుదెల్కా గొంతు తగ్గించింది. "ఎంత తిప్పినా నేను వెనక్కి రాను, విల్కిన్."

"తెలుసు," అన్నాడతను. "అందుకే తిప్పుతున్నా."

వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తున్నా విల్కిన్ ఇంకాస్త నెమ్మది చేశాడు. యుదెల్కా తొందరపెట్టలేదు.