ఫ్లారెన్స్ ఆగే చోటు

“తీసెయ్‌మా. ఈయన బి.కొత్తకోట బస్సు పట్టుకోవల్లని వాయిస్తాండాడు” అన్నాడు మోషే, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేస్తూ.

ఎవాంజెలిన్ ఫోనులో ఆ రికార్డింగు ఆపేసింది. పొద్దుటి నుంచి తండ్రి ఇలా తోసిపుచ్చినవాళ్ళలో ప్రపంచమంతా పేరున్న పియానిస్టులు ఉన్నారు. పాపం, ఆ సంగతి వాళ్ళకు తెలియదు.

రేపు మదనపల్లె చర్చిలో, చనిపోయిన అమ్మ ఫ్లారెన్స్ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. పుంగనూరు నుంచి వచ్చినప్పటి నుంచీ చుట్టాలకు ఫోన్లు, వంటవాళ్ళు, కుర్చీలు, అన్నీ ఎవాంజెలినే చూసుకుంటోంది. తమ్ముడు డానీ రేపు పొద్దున కుప్పం నుంచి వస్తాడు. తీరిగ్గా కూర్చుని ఏడవడానికి కూడా ఆమెకు వీలు చిక్కలేదు. మోషే మాత్రం ఒకటే మాట పట్టుకుని కూర్చున్నాడు.

“కూడికలో మీ అమ్మ పియానో వినపడల్ల. లేదంటే నేను రాను.”

అక్కడే వచ్చింది చిక్కు. ఫ్లారెన్స్ వాయించింది ఎవరూ రికార్డు చేయలేదు. ఏ ఆదివారం చూసినా చర్చిలో పియానో ముందు కూర్చుని ఉండే మనిషిని ఎవరు రికార్డు చేస్తారు? వచ్చే ఆదివారమూ ఉంటుందనే అనుకుంటారు.

కూడికలకు కీర్తనలు వాయించేది గానీ, ఆమె ప్రాణమంతా ఒక కాన్సెర్టో మీద ఉండేది. మధ్యలో ఒక్క పియానో, చుట్టూ పెద్ద ఆర్కెస్ట్రా కలిసి వాయించే సంగీతం అది. మిషన్ ఆస్పత్రి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఆ నొటేషన్ పుస్తకం ఇచ్చిపోయింది. ఆ చుట్టుపక్కల దాన్ని వాయించేవాళ్ళే లేరు. మదనపల్లెలో లారీల కొద్దీ టమోటాలు దొరుకుతాయి గానీ ఆర్కెస్ట్రా ఎక్కడ దొరుకుతుంది? ఆ కొరత మోషే తీర్చేవాడు. ఆస్పత్రిలో మందులిచ్చే డ్యూటీ దిగి చర్చికి వెళ్ళి, ఆమె పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ, వయొలిన్ల వంతూ బాకాల వంతూ నోటితోనే లాగించేవాడు. గొంతు అంత గొప్పదేం కాదు. ఫ్లారెన్స్ నవ్వాపుకుంటూ వాయించేది.

“ఒక్కసారన్నా నిజం ఆర్కెస్ట్రాతో వాయించల్ల” అనేది. ఆ ఒక్కసారి రానేలేదు.

ఆమెలా వాయించేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారేమో వెతకమన్నాడు మోషే. డానీ ఆ కాన్సెర్టో పేరు కొట్టి, నెట్‌లో దొరికినవన్నీ అక్క ఫోనుకు పంపాడు. “ఒకటి కూడా వినలేదక్కా, టైము లేదు. నువ్వే సూసుకో” అన్నాడు.

“పోనీ, ఈయమ్మ ఎట్లుండాది నాయనా?”

“ఒకటే మోత. పియానో ఏం పాపం చేసింది?”

“మరి ఈ పెద్దాయన?”

మోషే కొంచెం ఎక్కువసేపే విన్నాడు. “బాగనే ఉండాది. కానీ ఆడ ఆగలేదు. మీ అమ్మ ఆడ ఆగుతాది.”

ఆ ఆగే చోటేదో ఎవాంజెలిన్‌కు తెలుసు. చర్చి పియానోలో ఒక కీ నొక్కితే కిందే అతుక్కుపోయేది. అది పైకి లేచేదాకా అమ్మ ఆగేది. ఆ ఆగడం కూడా సంగీతంలో భాగమే అనుకుంటూ వచ్చాడు మోషే. పుస్తకంలో అలాంటిదేం లేదని, ప్రపంచంలో ఇంకెవరూ అక్కడ ఆగరని చెప్పేద్దామనుకుంది. నోరు రాలేదు.

వరండాలోంచి మైకుసెట్టు ఖాసిం మళ్ళీ తొంగిచూశాడు. “ఏది పెట్టల్లో చెప్తే సౌండు సూసుకొని పోతానక్కా.”

ఎవాంజెలిన్ తండ్రి ముందు కింద కూలబడింది. “నాయనా, ఇంకొకటే ఉండాది. ఇదీ కాదంటే నా వల్ల గాదు. పోయింది నాకూ అమ్మే గదా?”

మోషే కూతురి మొహంలోకి చూశాడు. మళ్ళీ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఏ వంక పెడతాడా అని ఎదురుచూసింది. కళ్ళు తెరిచి చూస్తే, ఆయన చెయ్యి గాలిలో పేజీ తిప్పుతోంది. కాసేపాగి మళ్ళీ తిప్పింది.

“ఆగింది” అన్నాడు మోషే. గడ్డం మీదికి కన్నీళ్ళు కారుతున్నాయి. “సరిగ్గా ఆడనే ఆగింది. అచ్చం మీ అమ్మేనమ్మా.”

ఖాసిం గుమ్మంలోకి వచ్చాడు. “అయితే ఇదేనా?”

“ఇదే పెట్టప్పా. నేనూ వస్తా. ఎవా, వాయించిందెవరో పేరు సూడు. ఆ తల్లి సల్లగుండల్ల.”

ఎవాంజెలిన్ ఆయన చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి తన చెవిలో పెట్టుకుంది. కాసేపు విన్నది. ఫోను తెర మీద రాసి ఉన్నది చదివింది. తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“అవు నాయనా, అమ్మ మాదిరే ఉండాది” అని, ఖాసిం వైపు తిరిగి, “ఇదే పెట్టు” అంది.

పియానో నేర్చుకునేవాళ్ళు ఇంట్లో తమ వాయింపు కలుపుకోవడానికని చేసిన ఆ రికార్డింగులో ఆర్కెస్ట్రా మొత్తం ఉంది, పియానో ఒక్కటే లేదు.