బయటికి పోవద్దు

కిటికీ అవతల ఆ మనిషి మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

భుజాన ఎర్ర తువాలు. కాళ్ల నిండా రాతి దుమ్ము.

కృపమణి చూసీ చూడనట్టు పాఠం చెప్పుకుంటూ పోయింది. ఎర్రగుంట్ల పక్కన ఈ చర్చి హాల్లో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పడానికి కడప నుంచి వచ్చి ఇంకా నెల కాలేదు. సాయంత్రం ట్యూషన్ వదిలే వేళకు నాపరాయి గనుల్లో మందు పేలుతుంది, బోర్డు అదురుతుంది. ఆ చప్పుడుకు మాత్రం అప్పుడే అలవాటు పడిపోయింది.

వాక్యాల్లో రకాలు చెబుతోంది. సంగతి చెప్పేది ఒకటి, ప్రశ్న అడిగేది ఒకటి, అబ్బా అని ఆశ్చర్యపోయేది ఒకటి. చెయ్యమనో వద్దనో గట్టిగా చెప్పేది ఇంపరేటివ్.

"మేడం, పోవద్దు అని చెప్పాలంటే ఎట్లమ్మా?" అన్నాడు కిటికీలోంచి ఆ మనిషి.

పిల్లలు కిసుక్కుమన్నారు.

'డోంట్ గో' అని చెప్పి పంపించింది గానీ, ఆమెకు అనుమానం పట్టుకుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లో ఒకటే మెసేజీలు.

మరునాడు క్లాజుల పాఠం. 'ఇఫ్' అని మొదలయ్యే ముక్క ఒంటరిగా నిలబడలేదని, దానికి ఇంకో ముక్క ఆసరా కావాలని చెప్పి, ఒక ఉదాహరణ అడిగింది.

రెజీనా లేచింది. సంఘపెద్ద లేవి మనవరాలు.

"ఇఫ్ ఐ వేవ్ ద రెడ్ టవల్, డోంట్ గో అవుట్."

ఎర్ర తువాలు ఊపితే బయటికి పోవద్దు. కృపమణి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "ఎవరు నేర్పించినారే ఇది?"

"కిటికీ కాడ ఆయప్ప, మేడం. మమ్మల్నే అడిగి అడిగి కూర్చుకున్న్యాడు. తెలుగులో చెప్తే మేం నవ్వి పరిగెత్తుతామని, దినామూ ఇంగ్లీషులో చెప్పిస్తాడు."

వెంటనే లేవికి ఫోన్ చేసింది. లేవి గనిలో మేస్త్రీ కూడా. పది మంది మాట వినే మనిషి.

ట్యూషన్ వదిలేసరికి ఆ మనిషి రోడ్డుకు అడ్డంగా ఉన్నాడు. రెండు చేతులా తువాలు పట్టుకుని, పిల్లల్ని అడుగు ముందుకు వెయ్యనివ్వడం లేదు.

"ఎవరప్పా నువ్వు? పిల్లోళ్లతో నీకేం పని?" అంది కృపమణి.

"రోంతసేపు ఆగనీమ్మా. ఈ పొద్దులో ఈ దావ మంచిది కాదు."

"ఎందుకు కాదు?"

చెప్పబోయాడు. ఆమె వెనక వస్తున్న లేవిని చూసి నోరు మూసుకున్నాడు.

"ఈ పక్కకు రావద్దని నీకు ముందే చెప్పినా గదప్పా," అన్నాడు లేవి, మెల్లగా.

ఆ మెత్తదనం ఆమెకు నచ్చలేదు. తెలిసినవాడా అని అడిగితే, కోడుమూరు నుంచి కూలికొచ్చిన మనిషని, మతి సరిగ్గా లేదని చెప్పి, తువాలు లాక్కుని, ఆ పక్కకు పోయే లారీ ఎక్కించాడు.

లారీ కదిలినా అతను మనుషుల్ని చూడలేదు. రోడ్డునే చూస్తూ పోయాడు.

ఆ మరునాడు కిటికీ ఖాళీ. కృపమణి మనసు కుదుటపడింది. ఎప్పటి వేళకే ట్యూషన్ వదిలింది. పిల్లలు బిలబిలమంటూ రోడ్డెక్కారు.

మందు పేలింది.

బోర్డు అదరడంతో ఆగలేదు. రేకుల మీద రాళ్లు పడ్డాయి.

ఆమె పరిగెత్తేసరికి రెజీనా రోడ్డు మీద పడి ఉంది. తల కింద దుమ్ము తడిసిపోతోంది.

ఆటో పిల్లను తీసుకుని పోయాక, గని వైపు నుంచి లేవి రొప్పుతూ వచ్చాడు. చర్చి గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"మందు పేల్చేముందు ఎర్రగుడ్డ పట్టుకుని దావకు అడ్డం నిలబడే మీ గని మనిషిని, మీరే ఎందుకు పంపించేసినారు?" అంది కృపమణి.

లేవి గేటుకు నుదురు ఆనించుకున్నాడు.

"మేం మనిషినే పెట్టలేదమ్మా... పోయినేడు ఈడనే ఒక పాప మా గని రాయి తగిలి సచ్చిపోతే, లారీ గుద్దిందని అందరికీ చెప్పినాం. ఆయప్ప ఆ పాపకు నాయన."