ముప్పై గంటల కాగితం

బోర్డు మీద మొదటి ఇంగ్లీషు వాక్యం పూర్తి కాకముందే ముసలాయన లేచి వచ్చాడు. డస్టరు అందుకుని అంతా తుడిచేశాడు. చేతులు దులుపుకుని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. కూర్చున్నది కూడా టీచరు కుర్చీలోనే.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

దేశం కాని దేశం వచ్చి రెండు నెలలైంది. యూనివర్సిటీలో అరబిక్ కోర్సు. చదువు ఉచితమే గానీ ఒక మెలిక పెట్టారు. ఈ టర్ము అయ్యేలోగా ఎక్కడైనా ముప్పై గంటలు స్వచ్ఛందంగా పాఠాలు చెప్పాలి. చెప్పినట్టు కాగితం తేవాలి. తేకపోతే సీటు పోతుంది, పెట్టె సర్దుకోవాల్సిందే.

అందుకే లైబ్రరీ మేడ మీదున్న ఈ గదికి వచ్చింది. ఇక్కడ నేర్పేవాళ్ళనూ నేర్చుకునేవాళ్ళనూ జత కలుపుతారు.

"మొదటి పేజీ నేర్పేవాళ్ళది, రెండోది నేర్చుకునేవాళ్ళది. రాయండి," అన్నాడు కింద గుమాస్తా, వచ్చీరాని ఇంగ్లీషులో.

పరిచి ఉన్న రిజిస్టరులో పేజీల పైన ఏదో రాసి ఉంది. ఆ గొలుసుకట్టు రాత చదివేంత అరబిక్ ఆమెకు అప్పటికి రాలేదు. ఎడమ పేజీలో పేరు రాసి సంతకం పెట్టింది. కుడి పేజీలో ఒకే ఒక్క పేరుంది.

"ఆయన నలభై ఏళ్ళు బళ్ళో పనిచేసిన మాస్టారు. కాస్త కోపిష్టి. సర్దుకుపోండి," అన్నాడు గుమాస్తా.

సర్దుకుపోవడానికి ఆ మనిషి ఇంచు చోటిస్తే కదా.

"ఈ గదిలో ఇంగ్లీషు వద్దు," అన్నాడు ముసలాయన, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే.

"వద్దనుకుంటే ఇక్కడికెందుకు వచ్చినట్టు?"

"అదే నేనూ అడుగుతున్నా."

ఆ సాయంత్రం ఫోనులో అక్క దగ్గర గోల పెట్టింది. పక్కనుంచి బావ నవ్వాడు. "పంతులమ్మగారికి అప్పుడే బెత్తం కావాలిట."

"నువ్వు ఊరుకో," అని ఆయన్ని కసిరి అక్క చెప్పింది. "నలభై ఏళ్ళు పిల్లల్ని గడగడలాడించినాయన. ఇప్పుడు నీ ముందు ఏబీసీడీలు దిద్దాలంటే నామోషీగా ఉండదుటే? కాసేపు ఆయన్నే టీచరాట ఆడుకోనివ్వు. నీకు కావలసింది కాగితం."

అక్క మాట నచ్చింది. గంటలో సగం తనకు, సగం ఆయనకు అని వేళ్ళు చూపించి బేరం పెట్టింది. ఆయన మొహం గంటు పెట్టుకునే ఒప్పుకున్నాడు. ఆమె ఇంగ్లీషు చెబుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. తన వంతు రాగానే సుద్దముక్క లాక్కుని అరబిక్ మొదలుపెట్టేవాడు.

పోనీ ఆటలాగానైనా ఆడాడా అంటే అదీ లేదు. ఒక అక్షరం గొంతులోంచి సరిగ్గా రాలేదని ఇరవైసార్లు అనిపించాడు. ఇంటికి రాత పని ఇచ్చాడు. రాసుకెళితే పేజీ నిండా ఎర్రసిరా పులిమి, "కాకి గీతలు" అన్నాడు. ఒకరోజు ఏకంగా పేజీ చింపి చేతిలో పెట్టాడు. ఐదు నిమిషాలు ఆలస్యమైన రోజు తలుపు తీయకుండా పావుగంట బయట నిలబెట్టాడు.

"టీచర్ని గుమ్మం బయట నిలబెట్టే స్టూడెంటుని ఎక్కడైనా చూశావుటే అక్కా?" అని ఏడ్చింది.

"ఇంకెన్ని గంటలు?"

"పద్దెనిమిది."

"పళ్ళ బిగువున కానిచ్చెయ్."

కానిచ్చింది. ఆయన మీద కక్షతోనే రాత పని తప్పు లేకుండా చేసుకెళ్ళేది. ఎర్రసిరా గీతలు తగ్గితే ముసలాయన మొహం చూడాలని ఉండేది. తగ్గాయి కానీ మొహంలో మాత్రం మార్పు లేదు. అసలు తన వంతు అరగంట ఎప్పుడు పావుగంట అయిందో, ఎప్పుడు పూర్తిగా ఎగిరిపోయిందో ఆమె చూసుకోలేదు. పోతేపోయింది, గంటలైతే లెక్కకొస్తున్నాయి కదా అనుకుంది.

ముప్పయ్యో గంట ముగిసింది. ముసలాయన జేబులోంచి కలం తీసి, కాగితం మీద ఏదో రాసి, సంతకం చేశాడు. ఆమె వైపు చూడకుండానే బల్ల మీదికి తోశాడు.

"నీ అంత పొగరుబోతుని నా జన్మలో చూడలేదు."

"నేనూ అంతే. మీలాంటి మొండి మనిషిని ఇంకెక్కడా చూడలేదు. చూడాలనీ లేదు," అని అరబిక్‌లోనే ఎడాపెడా అంటించింది. ఆవేశంలో ఎక్కడా తడుముకోలేదు.

ఆ రెండు ముక్కల్లో మొదటిసారి ఆయన ఒక్క తప్పూ దిద్దలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పీడ విరగడైంది అనుకుంటూ ఆమె మెట్లు దిగింది. గుమాస్తా రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. ఇక్కడి పుస్తకాలన్నిటిలాగే కుడి చివరనుంచి పేజీలు తిప్పుకుంటూ వచ్చి, ముందు కుడి పేజీలో, తర్వాత ఎడమ పేజీలో పేర్లు సరిచూసుకుని, కాగితం మీద ముద్ర గుద్ది ఇచ్చాడు.

సీటు దక్కింది. అక్కకి ఫోను చేయాలి. బావతో పంతులమ్మ అని సగర్వంగా పిలిపించుకోవాలి. వీధిలోకి వచ్చి, ఆ కాగితం ఒకసారి కళ్ళకద్దుకుని, నిఘంటువు తీయకుండా, ఎవరినీ అడగకుండా, మొదటిసారి ఆ గొలుసుకట్టు రాతను గడగడా చదివింది.

'ఈ విద్యార్థిని ముప్పై గంటలూ మానకుండా వచ్చి నా దగ్గర అరబిక్ నేర్చుకుంది, పొగరెక్కువ గానీ చదువు అబ్బింది,' అని ఉంది, కింద ఉపాధ్యాయుడు అన్నచోట ముసలాయన సంతకం ఉంది.