ఐదు చారలు

“పైన లేత నీలం, దాని కింద గులాబీ, నడుమ తెలుపు, మళ్లీ గులాబీ, మళ్లీ నీలం. తలకిందులుగా పెట్టినా ఒకే మాదిరి ఉంటాదే!” అన్నాడు ఏకాంబరం, గోడమీది జెండా బొమ్మను చూస్తూ.

“అందుకే అలా పెట్టారండీ. ఎలా పట్టుకున్నా తప్పు కాదని,” అంది పూజిత.

అరవై దాటిన ఏకాంబరం నగరిలో మరమగ్గం నడుపుతాడు. పొద్దున్నే కొడుకు గిరితో కలిసి బస్సెక్కి, తిరుపతిలో పూజిత పనిచేసే ఈ సలహా కేంద్రానికి వచ్చాడు. గిరి బయట వరండాలో కూర్చున్నాడు. పెద్దాయన ముందు ఒక్కడే లోపలికి రావడం పూజితకు కొత్తగా అనిపించలేదు. పిల్లల సంగతి తెలిసిన తండ్రులు చాలామంది ఇలాగే వస్తారు.

“ఆ పక్కన వానవిల్లు రంగులది?”

“అది అందరిదీ. మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు గే, ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు లెస్బియన్. అందరికీ కలిపి ఆ జెండా. ఈ ఐదు చారలది ట్రాన్స్ వాళ్లది. పుట్టగానే మగబిడ్డ అంటారు. లోపల మనసేమో నేను ఆడమనిషినే అంటుంది. వాళ్లను ట్రాన్స్ మహిళ అంటాం.”

“ట్రాన్స్ మహిళ.” ఏకాంబరం ఆ మాటను మెల్లగా ఇంకోసారి పలికాడు. “మా పక్క దీనికి ఉండేవన్నీ తిట్లేనమ్మా. మర్యాదగా ఒక మాట ఉండాదని ఎవురూ చెప్పనేలేదు. జబ్బు కాదు గదా?”

“కాదు. మందులు అక్కర్లేదు.”

“పెండ్లి చేస్తే అంతా సరిపోతాదన్నారు పెద్దోళ్లు.”

“ఆ పని మాత్రం వద్దండీ!” పూజిత గొంతు పెరిగింది. “ఇద్దరి బతుకులూ నలిగిపోతాయి.”

ఏకాంబరం భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“కట్టుకున్న పిల్ల తప్పేముంటాది పాపం,” అన్నాడు.

పూజిత నీళ్ల గ్లాసు అందించింది. ఆయన సగం తాగి పక్కన పెట్టాడు.

“చీర కట్టుకోని వీధిలోకి వస్తే నగరిలో బతకనిస్తారా అమ్మా?”

“కొందరు నవ్వుతారు. కొందరు మాట్లాడటం మానేస్తారు. ఇంట్లోవాళ్లు పక్కన నిలబడితే తట్టుకోవచ్చు.”

“మా ఇంట్లో చెయ్యి వదలరులే. ఆ ధైర్యంతోనే వచ్చినాము.”

పూజితకు కళ్లు చెమర్చాయి. ఇంత తొందరగా ఈ మాట అన్న తండ్రిని ఆమె ఇంతవరకూ చూడలేదు. తలుపు దాకా వెళ్లి గిరిని పిలిచింది. గిరి వచ్చి, కుర్చీని తండ్రి పక్కకు జరుపుకుని కూర్చున్నాడు.

“భయపడొద్దు గిరీ,” అంటూ పూజిత పెన్ను తీసింది. “ఆధార్‌లో ఏముందో మాకు అనవసరం. ఏ పేరుతో పిలిస్తే బాగుంటుందో చెప్పు, అదే రాసుకుంటాను.”

గిరి తన తండ్రి వైపు తిరిగి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“చెప్పు నాయనా, ఏం గాదు,” అన్నాడు గిరి.

ఏకాంబరం గొంతు సవరించుకున్నాడు.

“నన్ను కోమలి అని పిలువమ్మా.”