కవిగారి చూపు

తడిగుడ్డ చేతిలోంచి జారి, కింద పేపరు చదువుకుంటున్న ముసలాయన నెత్తిన పడింది.

"అయ్యో!" అంది బొమ్మలావిడ పరంజా మీంచి. అందే గానీ, ఆ గొంతులో నొచ్చుకోవడం కన్నా విసుగే ఎక్కువ పలికింది.

ముసలాయన గుడ్డ తీసి, పిండి, పరంజా కర్రకు ఆరేశాడు.

"మళ్ళీ చెరిపేశావా అమ్మా?"

చెరిపేసింది. పొద్దున వేసిన కళ్ళు మధ్యాహ్నానికి తుడిచెయ్యడం ఆవిడకు పరిపాటైపోయింది.

గ్రంథాలయంలో చదువుకునే గది గోడ నిండా పాతకాలపు కవిగారి బొమ్మ వెయ్యాలి. భుజాల మీద శాలువా, మోకాలి మీద కాగితాలు, వేళ్ళ మధ్య కలం, వెనక కిటికీ, అన్నీ కుదిరాయి. కళ్ళే మొండికేశాయి.

నిజానికి ఆ కవి ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు. మూడొందల ఏళ్ళ కిందటి మనిషి. ఆయన్ను చూసి గీసిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆ మొహం తెలియనివాళ్ళు లేరు. ఈవిడ తండ్రి ఒకప్పుడు బడి పుస్తకానికి గీసిన బొమ్మే క్యాలెండర్లకూ, పుస్తకాల అట్టలకూ ఎక్కి, కవంటే ఇలాగే ఉంటాడని జనం మనసులో నాటుకుపోయింది.

ఆ బొమ్మ కళ్ళల్లో ఓ మెరుపుంది. దాని మీద పండితులు వ్యాసాలు రాశారు. దివ్యదృష్టి అన్నారొకరు. లోకాన్ని దాటిపోయిన చూపు అన్నారింకొకరు.

ఎలా తెచ్చావు నాన్నా అని అడుగుదామంటే తండ్రి పోయి ఏళ్ళయింది.

"మేడమ్, కళ్ళు..." అంటూ గ్రంథాలయం కార్యదర్శి నీళ్ళు నమిలాడు. "తప్పుగా అనుకోకండి. నిన్నటి కళ్ళు చూస్తే కవిగారు బస్సు కోసం నిలబడ్డట్టనిపించింది."

కింద ముసలాయన కిసుక్కున నవ్వాడు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"మీకెందుకండీ అంత నవ్వు?"

"ఏం లేదమ్మా. ఆ చూపు అంత పైకి పోకూడదు."

"మీరు బొమ్మలేస్తారా?"

"లేదు."

"కవిత్వం రాస్తారా?"

"అబ్బే, ఉత్తరం రాయాలన్నా బద్ధకమే."

"మరి పేపరు చదువుకోండి."

ముసలాయన బుద్ధిగా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కానీ పేజీ తిప్పినప్పుడల్లా తల గోడవైపు తిరుగుతూనే ఉంది. పరంజా మీంచి ఆవిడకు బట్టతల తప్ప ఆయన మొహం ఏనాడూ సరిగా కనపడలేదు. ఆ బట్టతల పైకి లేచినప్పుడల్లా ఆవిడ గీత పక్కకు పోయేది.

మర్నాడు మళ్ళీ మొదలెట్టాడు.

"అమ్మా, ఒక్కసారి కిందికి దిగుతావా? ఆ చూపు సంగతి ఒకటి చెప్పాలి."

"దిగి ఎక్కేసరికి నా రంగు ఎండిపోతుంది. అక్కణ్ణుంచే చెప్పండి."

ఆయన చుట్టూ చూశాడు. చదువుకునేవాళ్ళంతా తలలెత్తి చెవులు రిక్కించారు.

"ఇంతమందిలో ఎలా చెప్పను తల్లీ? కవిగారి పరువు పోతుంది."

గదంతా గొల్లున నవ్వింది.

బొమ్మలావిడ కుంచెను డబ్బాలో విసిరికొట్టింది. "వేళాకోళానికి నేనే దొరికానా మీకు? కార్యదర్శిగారూ! ఈ గదిలో ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి!"

కార్యదర్శి తేల్చేశాడు. పని అయ్యేదాకా గదిలోకి ఎవరూ రాకూడదని తలుపుకు అట్టముక్క వేలాడదీశాడు.

ముసలాయన పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"దిగితే బాగుండేది," అని గొణిగి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైంది అనుకుంది ఆవిడ. గది నిశ్శబ్దమైంది. కళ్ళు మాత్రం రాలేదు. వేసింది, తుడిచింది. పెద్దవి చేసింది, చిన్నవి చేసింది. ఇంట్లో కూర మాడినా, భర్త పలకరించినా కసురుకుంది. నాన్న మీద కూడా కోపం వచ్చింది. చివరికి గడువు మీద పడితే, కవిగారి చూపును కిటికీలోంచి ఆకాశంలోకి పారేసి, ఇక నావల్ల కాదని పరంజా దిగింది.

ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు. దివ్యంగా ఉందన్నారు. బాగాలేదని ఆవిడకొక్కదానికే తెలుసు. ఆ మాట పైకి అనే మనిషి కోసం తనకు తెలియకుండానే గుంపులో వెతుక్కుంది.

జనం పల్చబడ్డాక ఓ స్త్రీ దగ్గరికొచ్చింది.

"ఇక్కడ పేపరు చదువుకునేందుకు వచ్చేవారే పెద్దాయన, వారమ్మాయినండీ."

"ఆయన రాలేదేం?"

"పోయినవారం గుండె ఆగి పోయారండీ. పనిలో ఉన్న మిమ్మల్ని విసిగించానని ఒకటే బాధపడేవారు. ఏమనుకోవద్దని చెప్పమన్నారు."

బొమ్మలావిడ ఆయన కూర్చునే బల్లవైపు తిరిగింది. "నన్ను కిందికి దిగమన్నారు. నేనే దిగలేదు. ఏం చెబుదామనుకున్నారో!"

"ఇంట్లో రోజూ చెప్పేవారు. కవి ఆకాశంలోకి చూడ్డం లేదట. ఎదురుగా ఓ చిన్నపిల్ల నాలుక బయటపెట్టి వెక్కిరిస్తుంటే, నవ్వితే చీవాట్లు పడతాయని పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడట. ఆ మెరుపులో అంతకుమించి ఏమీ లేదట."

పోయిన మనిషి మీద కూడా ఆవిడకు విసుగు ఆగలేదు.

"మూడొందల ఏళ్ళ కిందటి కవిని ఎవరు వెక్కిరించారో మీ నాన్నగారికి ఎలా తెలుస్తుందండీ?"

"మీ మేడ మీది గదిలో అద్దెకున్నప్పుడు, కవి బొమ్మ కోసం మీ నాన్నగారు శాలువా కప్పి కూర్చోబెట్టుకున్నది మా నాన్ననేనండీ," అంది కూతురు మెల్లగా, "వెక్కిరించిన ఆ చిన్నపిల్ల మీరేనట."