రెండో డబ్బా

"యాభై గ్రాముల డబ్బా ఇది. ఇరవై ఎనిమిది రోజులు వాడినా అడుగున కాస్త మిగలాలి. మీరు వేలు పెట్టి గీకేశారు కదమ్మా!"

డాక్టరమ్మ ఖాళీ డబ్బాను తూకం మీంచి తీసి పక్కన పెట్టింది. బల్లకి ఇవతల కూర్చున్న దర్జీ ఆవిడ కొట్టులోంచి తిన్నగా వచ్చినట్టుంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దాని కొసను వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"కాస్త ఎక్కువే అయిపోయింది లెండి. రెండో డబ్బా ఇస్తారు కదండీ?"

"తూకం తేడా వస్తే ఇవ్వకూడదు. మా క్రీము పరీక్షలోంచి మీ పేరు కొట్టేయాలి."

"అంత మాట అనకండి. డబ్బా లేకుండా ఇంటికెళ్తే ఈ రాత్రి నాకు గడవదు."

"మొహానికి రాసుకునే క్రీము కోసం ఇంత అల్లాడిపోయేవాళ్లని నేనెక్కడా చూడలేదమ్మా. అసలు మీ డబ్బాలో మందుందో లేదో! మొదటిరోజే చెప్పాను కదా, సగం మందికి మందు కలిపినది ఇస్తాం, సగం మందికి ఉత్త క్రీము. రంగూ వాసనా ఒకటే. ఎవరికి ఏది వెళ్లిందో చెప్పం."

అంటూనే దీపం దగ్గరికి లాగి ఆవిడ మొహంలోకి చూసింది డాక్టరమ్మ. చూసి, నెల కిందటి ఫొటో తీసి పక్కన పెట్టుకుంది. ఫొటోలో కళ్ల కింద బొగ్గు పులిమినట్టుంది. చెంపలు ఎండిపోయి పొట్టు లేస్తున్నాయి. ఎదురుగా ఉన్న మొహం మాత్రం అప్పుడే నీళ్లు చల్లిన ఆకులా ఉంది.

"అబ్బో! మీది మందున్న డబ్బానే అయ్యుంటుంది." డాక్టరమ్మ గొంతు మారిపోయింది. "ఏదీ, మీ నిద్ర పుస్తకం ఇవ్వండి."

ఎన్ని గంటలు నిద్రపోయిందీ రోజూ రాయాల్సిన పుస్తకం అది. మొదటి పేజీలో రెండు, మూడు, మళ్లీ రెండు. వారం తిరిగేసరికి ఆరు. ఆ తరవాత అన్నీ ఏడు, ఏడున్నర. ఒకచోట 'మెలకువ రాలేదు, కొట్టు ఆలస్యంగా తీశాను' అని రాసుంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నిద్రమాత్రలేమైనా వేసుకున్నారా?"

"లేదండీ, ఒట్టు."

"చూడమ్మా, చర్మం తనను తాను బాగుచేసుకునేది నిద్రలోనే. మీ మొహానికి పనిచేసింది మా క్రీమా, మీ నిద్రా, అది నాకు తెలియాలి. పేరు సంగతి తరవాత. నిజం చెప్పండి."

టేపు కొస వేలికి బిగుసుకుంది.

"క్రీము కాదులెండి. మొహానికి ఒక్క చుక్క కూడా రాసుకోలేదు."

"మరి డబ్బా అంతా?"

"మా అక్క మడమలకి."

డాక్టరమ్మ ఖాళీ డబ్బాను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మిల్లులో రోజంతా నిలబడే పనండీ అక్కది. మడమలు నెత్తురొచ్చేలా పగిలి, మానేదాకా సెలవు పెట్టి నా దగ్గరికొచ్చింది. నా పెళ్లయ్యాక మేమిద్దరం ఒక గదిలో పడుకోవడం ఇదే మొదటిసారి. రాత్రి తన కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాస్తుంటాను. 'మొహానికిచ్చింది కాళ్లకి రాస్తే నా కాళ్లు అద్దం అడుగుతాయేమోనే!' అంటుంది. రాస్తున్నంతసేపూ మా చిన్నప్పటి సంగతులు చెప్తుంది. సగంలోనే నాకు నిద్ర ముంచుకొచ్చేస్తుంది. పొద్దున లేచేసరికి నా చెయ్యి తన పాదం మీదే ఉంటుంది. ఒక్కరోజు రాయకపోయినా ఊరుకోదు, ఏదే నా మందు అంటుంది."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "బాగానే ఉంది పాదసేవ! ఇంతకీ మానాయా?"

"కుడి మడమ నున్నగా అయిపోయింది." సంతోషంగా చెప్పాల్సిన ఆ మాట ఆవిడ తల వంచుకుని చెప్పింది. "ఎడమదానికి ఒక్క పగులు మిగిలిందండీ. ఒకే ఒక్కటి."

"సరే, మీ పేరు కొట్టేయక తప్పదు. కానీ ఇంత నిజం చెప్పినందుకు మీ అక్క కోసం ఒక డబ్బా ఇస్తాను." డాక్టరమ్మ సొరుగు లాగింది. "ఇదుగో, దీన్లో మందుంది. వారం తిరక్కుండా ఆ పగులూ మూసుకుపోతుంది, తీసుకోండి."

దర్జీ ఆవిడ చెయ్యి చాచి, డబ్బా దాకా వచ్చి, వెనక్కి తీసుకుంది.

"మందు లేనిది ఇప్పించండి, డాక్టరమ్మా."